బెట్టకు వదిలిన ఊపిరి

విడపనకల్లు,
జూలై, ఆదివారం.

చెల్లెలుగా పుట్టి కూడా పేరులో అక్కను పెట్టుకుని నా మీద పెత్తనం చేస్తున్న చిన్నక్కకు, అన్న తిప్పేస్వామి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయాలట. నీ కోపం ఇంకా దిగలేదని తెలుసు కాబట్టి అలా తలవడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

ఇన్‌లాండు లెటరు కావాలని పోస్టాఫీసుకు పోతే అక్కడి అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, "ఏం పెద్దాయనా, ఫోన్ లేదా?" అంది. "ఉండాది తల్లీ, నా చెల్లెలే నా నెంబరును జైల్లో యేసింది" అన్నాను. అబద్ధమా? ఇంతకీ నేను చేసిన నేరమేమిటి? ఆసుపత్రి క్యాషియర్ గొంతు పెట్టి, "బిడ్డను ఇంటికి పంపాలంటే అమ్మమ్మ వచ్చి వార్డు ముందర ఒక పాట పాడాల, అది ఈడ రూలు" అన్నాను. నువ్వు నమ్మి నిజంగానే పాడావు. కాన్పయినప్పటి నుంచి ముఖంలో నవ్వన్నది లేని నీ కూతురు అంజలి ఆ రోజు పొట్ట పట్టుకుని నవ్వింది. దానికి నాకు శాలువా కప్పాలి. నువ్వేమో నన్ను బ్లాకు చేసి, బావ చేత కూడా చేయించావు.

సరే, ముప్పావు ఇంటికి వచ్చాడని ప్రతాప్ చెప్పాడు. మన అల్లుడు లారీ తోలుతూ యాడో నాసిక్ దగ్గర ఉన్నాడు, అయినా నీకంటే నయం, నా ఫోన్ ఎత్తుతాడు. మూడు నెలలు ముందే పుట్టి, ముప్పావు కిలో తూగినవాడికి ముప్పావు అనే పేరే సరి. మీరు నామకరణం చేసేవరకు నేను మార్చేది లేదు. అద్దాల పెట్టెలో వాడిని మొదటిసారి చూసినప్పుడు, పెళ్లిళ్లకు నేను అద్దెకిచ్చే మైకు అంత కూడా లేడు. అంత చిన్న ఒంట్లో ఊపిరి ఎక్కడ దాక్కుందో అనుకున్నాను.

ముక్కులో పైపు, ఇంటికి పంపిన ఆక్సిజన్ మిషను గురించి ప్రతాప్‌కు సరిగా తెలియదు. డాక్టరమ్మ ఏం చెప్పింది? ఎన్నాళ్లు? ఏడో క్లాసు తప్పినవాడికి అర్థమయ్యేటట్టు రాయి. అంజలికి నా దీవెనలు. బావకు నమస్కారం, ఆయన తీసుకుంటే.

తిప్పేస్వామి

---

ఎర్రగుంట్లపల్లి, కదిరి దగ్గర,
జూలై ఆఖరు.

అన్నకు చిన్నక్క నమస్కారాలు.

జాబు అందింది. కోపం తగ్గలేదు. ఆసుపత్రికి పోతే ఇప్పటికీ నర్సమ్మలు, "అమ్మమ్మా, ఇంకో పాట" అంటారు. నీ నెంబరు జైల్లోనే ఉంటుంది. కాగితానికి గొంతు మార్చడం రాదు కాబట్టి రాయి, చదువుతాను.

నువ్వడిగింది చెబుతాను. నెలలు నిండక ముందే పుట్టాడు గదా, అప్పటికి ఊపిరితిత్తులు పూర్తిగా తయారు కాలేదంట. మిషనుతో ఊపిరి ఊది బతికించారు. ఆ ఒత్తిడికి, ఆ ఆక్సిజన్‌కు లేత ఊపిరితిత్తులు దెబ్బతిని లోపల గట్టిపడ్డాయంట. ఇది జలుబూ దగ్గూ మాదిరి మందుతో పోయేది కాదు. బిడ్డ పెరిగేకొద్దీ ఊపిరితిత్తుల్లో కొత్తగా మంచి భాగం పెరగాలి. అంతవరకు, ఏడాది పట్టినా సరే, ముక్కులోకి సన్నగా ఆక్సిజన్ పోతూనే ఉండాలని, ఎవరు చెప్పినా తీయొద్దని డాక్టరమ్మ ప్రశాంతి మరీమరీ చెప్పింది. కాలికి ఒక పట్టీ చుట్టారు. దాని తీగ ఒక చిన్న డబ్బాకు ఉంటుంది. ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే డబ్బా కీచుమంటుంది. పొగ తగలకూడదు. సాంబ్రాణి కూడా వద్దన్నారు. పొయ్యి బయట పశువుల కొట్టం పక్కకు మార్చాను.

మీ బావకే ఈ మిషను నచ్చలేదు. ఆయన మాట ఆయన నోటితోనే రాస్తాను.

"మిషను ఊదబట్టే లోపల గట్టిపడిందని వాళ్లే చెప్పినారు గదమే? మళ్లా ఇంటికి మిషనే ఇచ్చినారేమి?"

ఇది ఊదే మిషను కాదు, ఊరికే ఆక్సిజన్ వదిలేదని చెప్పాను. వినలేదు.

మొన్న కరెంటు పోయింది. ఆసుపత్రి వాళ్లిచ్చిన చిన్న సిలిండరు తగిలించడానికి నాకూ అంజలికీ చేతులు ఆడలేదు. ఆ కాసేపు వాడు పైపు లేకుండానే ఉన్నాడు. నేను ఏడుపు మొహం పెట్టుకుని చూస్తుంటే వాడు కాళ్లు ఆడించి, కళ్లు తిప్పి మీ బావ వైపు చూశాడు. అంతే, ఆయన పట్టుకున్నాడు.

"చూసినావా? శెనక్కాయ మొలిచినాక యంటనే తడి పెడతామా? బెట్టకు వదుల్తాం. నీళ్లు దొరక్కపోతేనే వేరు కిందికి దిగి ఎతుక్కుంటాది. తడి మీద తడి పెడితే చెట్టు పచ్చగా కనపడతాది, పీకి చూస్తే కాయ ఉండదు. పిల్లోనికీ అంతే. ఊపిరి తేరగా దొరికితే సొంత ఊపిరి యాల నేర్సుకుంటాడు?"

నవ్వకు అన్నా. ఆయన వయసంతా ఈ ఎర్రనేలలో చూసిన సంగతే చెబుతున్నాడు. వానలేని ఏడు కూడా మా చేను ఎండలేదంటే ఆ చేతి చలవే. పొద్దున స్నానమయ్యాక కాసేపు మాత్రం పైపు తీసి పెడుతున్నాం. బాగానే ఉన్నాడు.

చిన్నక్క

---

విడపనకల్లు,
ఆగస్టు.

చిన్నక్కా,

బావ మాట చదివి నవ్వొద్దన్నావు. ముందే చెప్పాలి గదా, ఆ ముక్క జాబు చివరలో రాశావు. అప్పటికే నవ్వేశాను.

గాలికే కరువైతే మా ఊరికి పంపండి వాడిని. చుట్టూ గాలిమరలే. పగలంతా రెక్కలు తిప్పుతూ కూర్చుంటాయి, మాకు వాన మాత్రం ఒక్క చుక్క ఇవ్వవు. రామాంజి కొట్లో టీ తాగుతూ బావ సిద్ధాంతం చెప్పాను. "అట్లయితే నా కొడుకును కూడా రొన్నాళ్లు తిండి లేకుండా బెట్టకు వదుల్తా, పని నేర్సుకుంటాడేమో" అన్నాడు. అందరూ నవ్వారు.

కానీ ఒక మాట అడుగుతాను, చెల్లెలా. ఈ బెట్ట సంగతి డాక్టరమ్మకు చెప్పారా? చెప్పి ఉంటే ఆమె ఏమందో రాయి. చెప్పకపోయి ఉంటే ఎందుకు చెప్పలేదో రాయి. ఇంకొకటి, మీ ఇంట్లో కాసేపు అంటే ఎంత? బావ కాసేపు కూర్చుని పోతానని మా ఇంటికి వచ్చి పండగ చేసుకుని పోయిన మనిషి.

ముప్పావు ఎంత తూగుతున్నాడు? పాలు తాగుతున్నాడా? అంజలి ఎలా ఉంది? దాని గురించి నువ్వొక్క ముక్కా రాయలేదు.

తిప్పేస్వామి

---

ఎర్రగుంట్లపల్లి,
చవితి ముందర.

అన్నకు,

టీకొట్లో మా ఇంటి సంగతులు పెట్టి నవ్వించావని తెలిసి మీ బావ చాలా నొచ్చుకున్నాడు. నీ జాబు ఆయనకు చదివి వినిపించడం నాదే తప్పు.

బిడ్డ బాగున్నాడు. ఇప్పుడు మీ బావ చేనికి పోయేటప్పుడు పైపు తీస్తాడు, పొద్దుగూకి వచ్చినాక పెడతాడు. ఒక్కసారిగా ఏమీ చేయలేదు, మెల్లమెల్లగానే అలవాటు చేశాము. డాక్టరమ్మకు చెప్పలేదు. చెబితే తిడుతుంది, తిట్టడం వాళ్ల పని. వాళ్లు పుస్తకం చూసి చెబుతారు. ఇంట్లో బిడ్డను చూసేది మనం.

కాలి పట్టీ డబ్బాతోనే పెద్ద తలనొప్పిగా ఉండేది. పైపు తీస్తే చాలు కీచుకీచుమని ఒకటే అరుపు. బిడ్డ ఉలిక్కిపడేవాడు. పక్కింటి లక్ష్మీదేవి గోడ మీంచి, "ఏందక్కా, మీ ఇంట్లో ఏం మోగుతాంది?" అని అడిగేది. మీ బావ దాని బ్యాటరీలు తీసి టార్చిలైటుకు వేశాడు. ఇప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉంది.

పాలు తాగేటప్పుడు మాత్రం కొంచెం తాగి ఆగిపోతాడు, నొసట చెమట పోస్తుంది. ఎండలు అట్లున్నాయి. రంగు కూడా మారుతున్నాడు. పుట్టినప్పుడు తెల్లగా ఉండేవాడు, ఇప్పుడు పెదవుల చుట్టూ నేరేడు పండు తిన్నట్టు నలుపు దిగుతోంది. మీ బావ పోలిక. ఆయన దాన్ని చూసి మురిసిపోతున్నాడు.

అంజలి గురించి అడిగావు. దాని బుద్ధే బాగాలేదు. నాయన చేనికి పోగానే, నేను కసువు ఊడుస్తుంటే, దొంగతనంగా బిడ్డకు పైపు పెట్టుకుని కూర్చుంటోంది. పట్టుకుని అడిగితే, "అమ్మా, కొంచెంసేపు, కొంచెంసేపే" అని నా కాళ్లు పట్టుకుంది. ఎవరూ ఏమీ అనకముందే ఏడ్చింది. మీ బావ కొట్టలేదు, తిట్టలేదు. "నీ కొడుకును నువ్వే అవిటోన్ని చేసుకుంటాండావు తల్లీ" అన్నాడు, అంతే. మిషను వైరు ఊడదీసి ట్రంకు పెట్టెలో వేసి, బీగంచెవి నా కొంగుకు కట్టాడు. సాయంత్రం మళ్లీ తీసి ఇస్తున్నాను.

ప్రతాప్ వీడియోలో చూసినప్పుడు పైపు పెట్టే చూపిస్తాం. దూరాన బండి తోలేవాడికి బెంగ ఎందుకు? నువ్వు కూడా వానికేమీ చెప్పకు.

చిన్నక్క

---

విడపనకల్లు,
చవితి మరుసటి రోజు.

చిన్నక్కా,

ఈసారి నవ్వలేదు. టీకొట్లో కూడా చదవలేదు.

నాకు డాక్టరీ తెలియదు. మైకుల సంగతి తెలుసు. మైకు కీచుమని అరిస్తే లోపం మైకులో లేదని, యాడో ఏదో ఎక్కువైందో తక్కువైందో అని ఎతుకుతాను. వైరు పీకి ఇల్లు ప్రశాంతంగా ఉందని కూర్చుంటే నా కొట్టుకు ఎవడూ రాడు. బావ ఆ డబ్బా నోరు మూయించాడు. బిడ్డ ఏం చెప్పాలనుకున్నాడో అది ఆ డబ్బా చెబుతోంది గదమ్మా!

నీ కొంగుకు కట్టిన బీగంచెవి సంగతి రాసినచోట కూడా నీ అక్షరాలు ఎప్పటి మాదిరే గుండ్రంగా ఉన్నాయి. అదే నాకు భయంగా ఉంది.

వైరు బయటికి తియ్యి. బావకు చెప్పకుండా తియ్యి. చెప్పి తీస్తే ఇంకా మంచిది. డాక్టరమ్మ రమ్మన్న తేదీకి ఆసుపత్రికి పోండి, నల్లరంగు గురించి అడగండి. నేను ఇప్పుడే బయలుదేరేవాడిని, కానీ ఐదు పందిళ్లకు నా బాక్సులే పెట్టాను. నిమజ్జనం అయిన రోజే బస్సెక్కుతాను. ఈ జాబు బావకు చదివి వినిపించినా సరే, ఆయన నన్ను ఏమన్నా సరే.

జవాబు వెంటనే రాయి.

తిప్పేస్వామి

---

ఎర్రగుంట్లపల్లి,
నిమజ్జనానికి మూడు రోజుల ముందు.

అన్నా,

నీ జాబు మీ బావకు చదవలేదు. చదివితే ఇంట్లో గొడవ.

నువ్వు అనవసరంగా బెంగపెట్టుకున్నావు. దేవుడు మా మాట విన్నాడు. బిడ్డ ఒళ్లు చేస్తున్నాడు! ఇన్నాళ్లూ పుల్లల మాదిరి ఉన్న కాళ్లు ఇప్పుడు బొద్దుగా, వేలితో నొక్కితే గుంట పడేటట్టు ఉన్నాయి. కళ్ల కింద కూడా నిండింది. అంగన్‌వాడీ ఉమాదేవి తక్కెడలో పెడితే ఒక్క వారానికే బాగా బరువు పెరిగాడు. ఆమె కూడా ఆశ్చర్యపోయింది. మీ బావ తక్కెడ చుట్టూ తిరిగి, "బెట్ట దెబ్బకు కాయ ఊరినాది" అన్నాడు.

ఇంకొక మంచి మాట. ఏడవడం మానేశాడు. ముందు ఆకలికి, తడికి, దేనికైనా ఏడ్చేవాడు. ఇప్పుడు పాల కోసం కూడా ఏడవడు. ఎత్తుకుంటే చేతిలో మెత్తగా వాలిపోతాడు, కళ్లు సగం మూసుకుని పడుకునే ఉంటాడు. ఇంత ఓర్పు గల బిడ్డను నేను చూడలేదు. ఊపిరి మాత్రం వేగంగా, డొక్కలు లోపలికి పోయేటట్టు పీలుస్తాడు. అది లోపల వేరు దిగుతోందనడానికి గుర్తు అంటాడు మీ బావ.

వచ్చే శుక్రవారం నామకరణం. బంధువుల ముందర ముక్కులో పైపుతో కూర్చోబెడితే రోగిష్టి అని ముద్ర పడుతుంది. అందుకని ఈ వారం నుంచి పైపు పూర్తిగా మానిపించాము. ఆసుపత్రి తేదీ దాటిపోయింది, ఫంక్షన్ అయినాక పోతాం. అప్పుడు డాక్టరమ్మే చూసి నోరెళ్లబెడుతుంది.

అంజలి ఇప్పుడు ఏమీ అనడం లేదు. బిడ్డ పక్కన కూర్చుని వాడి రొమ్మునే చూస్తుంటుంది. అన్నం పెడితే తింటుంది.

నువ్వు శుక్రవారానికి రా. కొత్త బట్టలు ఏమీ తేవద్దు, నోరు మూసుకుని వస్తే అదే చాలు.

చిన్నక్క

---

బత్తలపల్లె బస్టాండు.

చిన్నక్కా,

ఇది పోస్టులో రాదు. నేనే తెచ్చి నీ చేతిలో పెడతాను. నోటితో చెప్పకుండా కాగితమెందుకంటే, నేను నోరు తెరిస్తే మీ ఇంట్లో కుక్క కూడా నమ్మదు. అంజలిని పక్కన నిలబెట్టుకుని, దానికి వినపడేటట్టు పైకి చదువు.

నీ జాబులన్నీ పట్టుకుని నేరుగా ఇక్కడి ఆసుపత్రికి వచ్చాను. డాక్టరమ్మ ప్రశాంతి నన్ను గుర్తుపట్టి, "పాట పాడించిన ఆయన మీరే కదా" అని నవ్వింది. నేను కూడా నవ్వుతూనే పాతవీ కొత్తవీ చదవడం మొదలుపెట్టాను. పెదవుల నలుపు, బావ పోలిక అనేచోట ఆమె నవ్వు ఆగిపోయింది. కాళ్లు బొద్దుగా అయ్యాయి అనేచోట కుర్చీలోంచి లేచింది. "ఆ వాక్యం మళ్లీ చదవండి" అంది. చదివాను. ఏడవడం మానేశాడు అనే ముక్క దగ్గరికి రాకముందే ఆమే కాగితం తీసుకుని చదువుకుంది.

విను. అది బావ రంగు కాదు. నెత్తురులో ఆక్సిజన్ చాలక పెదవులు నీలమవుతున్నాయి. అది ఒళ్లు కాదు, నీరు. ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తుల్లో నెత్తురు గొట్టాలు బిగుసుకుంటాయట. బిగుసుకున్న గొట్టాల్లోకి తోసి తోసి గుండె అలిసిపోతుంది. అలిసిన గుండె నీటిని కాళ్లలో నిలబెడుతుంది. తక్కెడలో తూగింది ఆ నీరే. వాడు ఏడవనిది ఓర్పుతో కాదు, ఏడవడానికి ఊపిరి మిగలక. తాగిన నాలుగు చుక్కల పాలూ ఊపిరి లాగడానికే ఖర్చయితే, కొత్త ఊపిరితిత్తి దేనితో పెరుగుతుంది అని ఆమె అడిగింది. దానికి మీ దగ్గర జవాబు ఉందా?

బావకు ఇది చదివి వినిపించు. బావా, బెట్టకు వదిలేది మొలిచి నిలబడిన పైరును. ఇంకా మొలకెత్తని గింజను నువ్వు ఏ ఏడైనా ఎండబెట్టావా? ఈ బిడ్డ ఇంకా మన్నులో ఉండాల్సినవాడు. తొందరపడి బయటికొచ్చాడు, అంతే.

డాక్టరమ్మ నా ఎదురుగానే నీకు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది. "నేను డాక్టర్ ప్రశాంతిని మాట్లాడుతున్నా" అనగానే నువ్వు, "అన్నా, ఆడగొంతు కూడా నేర్సినావా? సిగ్గుండాలప్పా నీకు. పిల్లోని మీదనా నీ ఆటలు?" అని పెట్టేశావు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి నా వైపు చూసింది. నేను నేల చూశాను. ఆ గదిలో అంతకంటే చూడడానికి ఏమీ లేదు.

ఆసుపత్రి బండి ఒక కాన్పు కేసును అనంతపురంలో దింపడానికి పోయింది. అక్కడి నుంచి నేరుగా మీ ఊరికే వస్తుంది. దాని కోసం ఆగలేక నేను కదిరి బస్సెక్కుతున్నాను. కండక్టరు పిలుస్తున్నాడు.

ట్రంకు పెట్టె తెరువు. ముందు పైపు పెట్టు. తరువాత నన్ను ఎంతైనా తిట్టు.

తిప్పేస్వామి

---

బత్తలపల్లె, ఆసుపత్రి,
అక్టోబరు.

అన్నకు చిన్నక్క నమస్కారాలు.

నువ్వు ఊరికి పోయినాక సంగతులు రాయమన్నావు. అందుకని రాస్తున్నాను.

బిడ్డను పెద్ద మిషను మీద నుంచి మొన్న తీశారు. మళ్లీ ముక్కులో పైపే, కానీ గాలి చాలా ఎక్కువగా పోతోంది. కాళ్లలో నీరు తీసేశారు. ఇప్పుడు చూస్తే మళ్లీ పుల్లలే. ఇంటికి తెచ్చిన రోజు కంటే తక్కువ ఉన్నాడేమో అనిపిస్తుంది. గుండె కుడివైపు గోడ మందమైందంట. అది తగ్గుతుందా అని అడిగితే డాక్టరమ్మ, "కొందరికి తగ్గుతుంది" అంది. వీనికి అని ఆమె అనలేదు. నేను ఎంతసేపు నిలబడినా అనలేదు. ఒక జలుబు వచ్చినా ఇక తట్టుకోలేడని మాత్రం చెప్పింది.

మీ బావ శెనక్కాయ పీకడానికి ఊరికి పోలేదు. ఊరి నుంచి ఆయన అన్న కొడుకు ఫోన్ చేసి, "చిన్నాయనా, కాయ నేలలోనే మొలకొస్తాంది" అంటే, "రానీ" అని పెట్టేశాడు. ఆసుపత్రి బయట రేకుల షెడ్డులో కూర్చుంటాడు. లోపలి నుంచి ఎవరు వచ్చినా, ఊడ్చే ఆమె వచ్చినా సరే లేచి నిలబడతాడు. నిన్న నాతో, "నేను చెడు తల్చలేదు గదమే" అన్నాడు. నాకూ అదే మాట ఎవరినైనా అడగాలని ఉంది.

ప్రతాప్ వచ్చాడు. మాతో మాట్లాడలేదు. బండి వదిలేసి ఇక్కడే ఉంటానని డాక్టరమ్మకు చెప్పాడంట.

నామకరణం జరగలేదు గదా, ఆసుపత్రి చీటీలో ఇంకా అంజలి బిడ్డ అనే ఉంది.

ఈ రోజు పొద్దున నన్ను లోపలికి పంపారు. అంజలి బిడ్డ పక్కన స్టూలు మీద కూర్చునే నిద్రపోతోంది. ఒక వేలు బిడ్డ బుగ్గ మీద, పైపును అంటించిన ప్లాస్టరు మీద పెట్టుకుని ఉంది. నేను చప్పుడు చేయలేదు. అయినా దగ్గరికి పోగానే ఉలిక్కిపడి లేచింది. నేను, "నేనే తల్లీ" అన్నాను. అది నా ముఖం చూడలేదన్నా. నా చేతుల వైపు చూసింది. నేను ఎటు కదిలితే అటు నా చేతులనే చూస్తోంది.

చేతులు వెనక్కి పెట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడ్డాను. అప్పుడు కూర్చుంది.

చిన్నక్క